పుర్రె మీద వాగ్దానం

నాకు కోపమెక్కువ, సంతోషకుమారికి అసలు లేదు. ఐర్లండ్‌లో, డ్రోహెడా ఊళ్లో ఒకే ఇంట్లో అద్దెకుంటున్నాం. ఇద్దరం ముసలివాళ్లనీ రోగుల్నీ చూసుకునే కేరర్లమే. కరోనా వచ్చిన రెండో ఏడు జనవరిలో ఆమె ఓవెన్ అనే ఎనభై నాలుగేళ్ల రిటైర్డ్ మాస్టారిని ఆయన ఇంట్లోనే చూసుకునేది.

ఆయన మంచానికి ఎదురుగా పాతకాలపు డచ్చి బొమ్మ ఉండేది, రాగిరేకు మీద చెక్కి కాగితం మీద అచ్చువేసింది. అందులో ఒక పిల్లవాడు పుర్రె మీద మోచెయ్యి ఆనించి సబ్బు బుడగలు ఊదుతుంటాడు. మనిషి బతుకు బుడగంతే అని దాని అర్థమట. రోగి కళ్లెదుట పుర్రె ఏమిటని సంతోషకుమారికి ఒకటే గుబులు.

కొత్త సంవత్సరం నాడు చర్చిలో తీసుకునే, బైబిలు వాక్యమున్న వాగ్దానపు కార్డు, చర్చిలు మూసేయడంతో ఆ ఏడు ఆమెకు పోస్టులో వచ్చింది. దాన్ని పుర్రె మీద అంటించాలనుకుంది. ఫ్రేము అద్దం మీద అంటిస్తే రోజుకు రెండుసార్లు శానిటైజర్‌తో తుడవాలి, తడిసిపోతుంది. అందుకని ఫ్రేము విప్పి, అన్నం మెతుకులు నలిపి, నేరుగా బొమ్మ మీదే అంటించింది. మూడొందల ఏళ్ల నాటి కాగితం! వింటుంటే నాకే చెంప పగలగొట్టాలనిపించింది. మాస్టారు మాత్రం నవ్వి, "ఉండనీలే. మా ఆవిడకూ ఆ పుర్రె అంటే పడేది కాదు" అన్నాడట.

నెల తిరక్కముందే మాస్టారి కొడుకు దిగాడు. లాక్‌డౌన్ లెక్కలేదు, మాస్కు లేదు, పైగా దగ్గు. అన్నీ చూస్తూనే సంతోషకుమారి తలుపు తీసింది. బొమ్మ పట్టుకుపోదామని దించినవాడు కార్డు చూసి, ఫ్రేము విప్పి గోళ్లతో పీకాడు. కార్డుతోపాటు పుర్రె కూడా ఊడొచ్చింది.

జుట్టు పట్టుకుని ఆమె తల గోడకేసి కొట్టాడు. పడిపోతే డొక్కలో తన్నాడు. ఫ్రేము అద్దం ఆమె వీపు మీద పగిలి, పెంకులు మెడలో దిగాయి. మంచం దిగలేని మాస్టారు గాజు జగ్గు విసిరాడు. కొడుకు నుదురు చిట్లింది. రక్తం తుడుచుకుంటూ వాడే గార్డులకి, అంటే ఇక్కడి పోలీసులకి, ఫోన్ చేశాడు, కేరర్ మా ఆస్తి పాడుచేసిందని.

కేసు పడితే ఆమె ఉద్యోగం, వర్క్ పర్మిట్ రెండూ పోతాయి. వచ్చిన గార్డు బొమ్మ ఎవరిదని అడిగింది.

"ఆమెదే. నేనే ఇచ్చాను. తన బొమ్మ తనిష్టం" అన్నాడు మాస్టారు.

"జగ్గు విసిరిందెవరు?"

"నేనే. చెయ్యి ఇంకా గ్రాండ్‌గా పనిచేస్తోంది."

కొడుకుని తీసుకుపోయారు. పన్నెండో రోజున మాస్టారు కరోనాతో పోయాడు.

బొమ్మ ఇప్పుడు మా హాల్లో ఉంది, పుర్రె ఉన్నచోట చిరుగుతో. ఈ ఏడు కార్డు రాగానే అక్కడ అంటిద్దామన్నాను. సంతోషకుమారి నా చేతిలోంచి లాక్కుంది. ఆమె అరవడం అదే మొదటిసారి విన్నాను.

"వద్దక్కా! ఆ పుర్రె ఆయన్నేం జేసింది? పిచ్చిదాన్ని, దాన్ని మూశా. మూయాల్సింది తలుపు!"