శుక్రవారం పదిన్నరకు వస్తాంది

ఒక శుక్రవారం ఉదయం పదిన్నరకు, మాడు పగిలే ఎండలో, ధర్మవరంలోని ఒక మిద్దె మీద పదకొండు మంది విశ్వాసులు తెల్లబట్టలు కట్టుకుని ఆకాశం కేసి చూస్తూ నిలబడ్డారు. వాళ్లను అక్కడికి ఎక్కించిన ఘనుణ్ని నేనే. అబద్ధ ప్రవక్తలు బయలుదేరతారని లేఖనాల్లో చదివినప్పుడల్లా వాళ్లకు పెద్ద గడ్డాలూ పాదాల దాకా అంగీలూ ఉంటాయని ఊహించుకునేవాణ్ని. వాళ్లలో ఒకడు హిందూపురంలో సెల్‌ఫోన్ల అంగట్లో కూర్చుని టెంపర్ గ్లాసులు అంటిస్తుంటాడని ఎవరు మాత్రం అనుకుంటారు?

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. మా సంఘంలో యవ్వనస్థుల కార్యదర్శిని. విశ్వాసంలో నాకు ఇప్పుడూ లోటు లేదు, అప్పుడూ లేదు. లోటంతా నాలుకలో ఉండేది.

ఆ రోజుల్లో ఫోనులో ఆడుకునే ఒక ఆట రాబోతోందని ప్రకటించారు. అలాంటిలాంటి ఆట కాదు. ఒక లోకం మొత్తాన్ని తెచ్చి అరచేతిలో పెడతారట. మనమొక వీరుడి వేషం కట్టి, గుర్రమెక్కి, ఏ దిక్కుకైనా పోవచ్చట. కనబడిన ప్రతి కొండా ఎక్కవచ్చు, ప్రతి ఇంటి తలుపూ తట్టవచ్చు, ఎవరితోనైనా మాట కలపవచ్చు. ఇదిగో అదిగో అంటూ మూడేళ్లు ఊరించారు. మూడేళ్లూ నేను ఊరాను, జాడీలో మామిడికాయ ముక్క మాదిరి. పెనుకొండ కోట ఎక్కమంటే సగం దారిలో కూలబడి సోడా తాగి దిగివచ్చిన నేను, ఆ ఆటలో ఏ కొండ ముందు ఎక్కాలో కాగితం మీద రాసి పెట్టుకున్నాను. ఆటా లేదు, గుర్రమూ లేదు, గుర్రానికి మాత్రం బైబిల్లోని నది పేరు, యొర్దాను అని అప్పుడే పెట్టేశాను.

విడుదలకు ముందే పేరు నమోదు చేసుకోమంటే మొదటి రోజే చేసుకున్నాను. చివరికి ఒక శనివారం నా ఫోనుకు కబురు వచ్చింది: వచ్చే శుక్రవారం ఉదయం పదిన్నరకు విడుదల.

ఆనందం పట్టలేకపోయాను. కానీ ఎవరితో చెప్పుకోవాలి? అంతకు ముందు నెలలోనే మా అయ్యగారు, అంటే మా పాస్టరు గారు, ఫోను ఆటల మీద గంటన్నర ప్రసంగించారు. ఆ గంటన్నరలో అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది నేనే.

మరునాడు ఆదివారం. అయ్యగారు కూటాలకని అనంతపురం వెళ్లారు. ఆరాధన నడిపించింది సంఘ పెద్ద దానియేలు మామ. బొరుగుల అంగడి ఆయనది. మనసు కూడా బొరుగుల మూట మాదిరే, ఎంత పెద్దదో అంత తేలిక. "ప్రార్థన అంశాలుంటే చెప్పండప్పా" అన్నాడు. ఒకరు మోకాళ్ల నొప్పులన్నారు, ఒకరు బోరు ఎండిపోయిందన్నారు. నా కాళ్లు నా ప్రమేయం లేకుండానే లేచాయి.

"మామా, శానా దినాల నుంచి ఎదురు చూస్తాండాము కదా... అది వస్తాంది."

తలలన్నీ నా వైపు తిరిగాయి.

"ఏమబ్బీ? యాది?"

"పేరు చెప్పలేను మామా. ఈ శుక్రవారం పొద్దున పదిన్నరకి వస్తాంది. నేను సిద్ధంగా ఉండేట్టు ప్రార్థన చెయ్యండి."

దానియేలు మామ గొంతు తగ్గింది. "నీకెవురు చెప్పినారు?"

"నాకు మెసేజ్ వచ్చింది మామా."

"నీకేనా?"

"పేరు ముందే రాయించుకున్నోళ్లకే వస్తాది. నా పేరు ఎక్కింది."

"వస్తే ఎట్లుంటాది అబ్బీ?"

ఇక్కడ నాకు పూనకం వచ్చింది. మూడేళ్లుగా చూసిన చిత్రాలన్నీ కళ్ల ముందు తిరిగాయి. "అంతా కొత్త లోకం మామా! యాడికన్నా పోవచ్చు. అడ్డం గోడల్లేవు. ఏ తలుపు తట్టినా తెరుస్తారు. ఈ ఎండలూ ఈ దుమ్మూ ఏమీ ఉండవు!"

మీరు కొంచెం ఓపిక చేసుకుని ఈ సంభాషణ మళ్లీ ఒకసారి చదవండి. ఎక్కడైనా ఆట అనే మాట ఉందా? ఫోను అనే మాట? ప్రభువు రాకడ కోసం తాతల నాటి నుంచి ఎదురుచూస్తున్న సంఘంలో నిలబడి, మెసేజ్ వచ్చింది, పేరు ఎక్కింది, కొత్త లోకం వస్తాంది అంటే జనం ఏమనుకోవాలి? మా సంఘంలో మెసేజ్ అంటే పైనుంచి వచ్చే వర్తమానమే. దానియేలు మామ మోకరించాడు. ఆయన వెనక అందరూ మోకరించారు. పేరు చెప్పకున్నా కనిపెట్టి, ఒక ఆటకోసం ఇంతమంది కన్నీళ్లతో ప్రార్థిస్తున్నారే, ఈ సంఘాన్ని నేను ఇన్నాళ్లూ తక్కువ అంచనా వేశానే అని నేనూ ఏడ్చాను.

సోమవారం దానియేలు మామ మా సెల్‌ఫోన్ల అంగడికి వచ్చి ఒక గొడుగు నా చేతిలో పెట్టాడు. ఎనిమిదేళ్ల కిందట మా ఇంట్లో తీసుకుపోయిన గొడుగు. బట్ట సగం పోయింది, ఊచలు మాత్రం ఉన్నాయి.

"పెట్టుకో అల్లుడా. మనిషి దగ్గర ఇంకొకరి వస్తువు ఉండకూడదు. మన్నించు."

"దానిదేముంది మామా!" అన్నాను. ఆటకు ఇంత మహిమ ఉందని అప్పుడు నాకు తట్టలేదు.

మంగళవారం పెనుకొండ నుంచి మా అవ్వ ఫోను చేసింది. అవ్వ సంగతి ఇక్కడ కొంచెం చెప్పాలి. అవ్వకు ఒక్కతే చెల్లెలు. ధర్మవరంలో మగ్గం నేస్తుంది. ఆమెను మేము చిన్నవ్వ అంటాం. తొమ్మిదేళ్ల కిందట చిన్నవ్వ తన చేత్తో ఒక పట్టుచీర నేసి అక్కకు పెట్టింది. అవ్వ దాన్ని విప్పి, పెళ్లి పందిట్లో, నలుగురి ముందర, "అంచు వంకరపోయిందే అమ్మీ" అన్నది. అంతే. చేనేతగత్తెను అంచు వంకర అనడం ఒకటే, పాస్టరును వాక్యం తప్పావనడం ఒకటే. ఆ రోజు నుంచి అక్కాచెల్లెళ్ల మధ్య మాటల్లేవు. అవ్వ ఆ చీర కట్టనూ లేదు, ఎవరికీ ఇవ్వనూ లేదు. చెల్లెలి పేరెత్తితే లేచి పెరట్లోకి పోయేది.

"అబ్బీ, దానియేలు చెప్పినాడు. పేరు రాయించుకున్నావంట కదా. నాది గూడా రాయించు నాయనా."

మా అవ్వకు ఆట మీద ఇంత మక్కువా అని పొంగిపోయాను. "నీ దాంట్లోకి రాదులే అవ్వా. నీది చిన్నది."

"చిన్నోళ్లకి రాకుండా పెద్దోళ్లకే వస్తాదా? యాడన్నా ఉందిరా ఆ మాట?"

"చిన్నా పెద్దా కాదవ్వా. మెమరీ ఉండాల. అంటే జ్ఞాపకం."

"జ్ఞాపకానికేమి, నాకు శానా ఉండాది. ఏదీ మరిచిపోలా నేను."

"అదే కదవ్వా తంటా! లోపలంతా నింపి పెట్టుకుంటే కొత్తది యాడ పడతాది? ఏండ్ల తరబడి పేరుకున్న చెత్త ఉంటాది. అదంతా తీసెయ్యాల. లోపల జాగా చెయ్యాల. జాగా లేకుంటే వచ్చింది వచ్చినట్లే వెనక్కి పోతాది."

అవతల అవ్వ ముక్కు చీదడం వినిపించింది. ముక్కులో దుమ్ము పోయిందేమో అనుకున్నాను.

"చెత్త తీసెయ్యాలంటావు," అన్నది.

"తీసెయ్యాల్సిందే. శుక్రవారం లోపల."

గురువారం మళ్లీ అవ్వే చేసింది, ఈసారి ధర్మవరం నుంచి. "మీ చిన్నవ్వ ఇంట్లో ఉండా అబ్బీ. నువ్వు చెప్పినట్లే చేసినా. మొదట తలుపు తియ్యలా. గడప మీదనే కూచున్నా. మాపటికి తానే మజ్జిగ తెచ్చిచ్చింది. రేపు ఈడ కూడిక పెట్టుకున్నాం, దానియేలోళ్లు గూడా వస్తాండారు. నువ్వూ రా. ఆ గడియలో నువ్వు మా పక్కనుండాల."

తొమ్మిదేళ్ల పంతం కరిగిందంటే అది కృతజ్ఞత కూడిక అనుకున్నాను. పైగా ధర్మవరంలో సిగ్నల్ బాగుంటుంది.

శుక్రవారం పొద్దున హిందూపురంలో పాసింజరు రైలు ఎక్కాను. అదే పెట్టెలో దానియేలు మామా, మా సంఘంవాళ్లు ఎనిమిది మందీ, అందరూ పాలలో ముంచి తీసినట్టు తెల్లబట్టల్లో ఉన్నారు.

"ఏమబ్బీ, సిద్ధమేనా?" అన్నాడు మామ.

ఫోను తీసి బ్యాటరీ చూశాను. "నూటికి నూరు మామా!"

"మాకు అంత ధైర్యం లేదప్పా" అని నిట్టూర్చాడు.

మేము చేరేసరికి అందరూ మిద్దె ఎక్కుతున్నారు. చిన్నవ్వ ఒక్కతే కింద మగ్గం గుంటలో కూర్చుని నేస్తూ ఉంది.

"రా చిన్నమ్మీ, పొద్దయిపోతాంది" అని అవ్వ తొందరపెట్టింది.

"ఉండక్కా. ఆయనొచ్చేటప్పుడు చేతిలో పనుంటే తప్పేమి? ఇంకో నాలుగు పోగులు" అన్నది చిన్నవ్వ. ఆయన ఎవరో నాకు అర్థం కాలేదు. కరెంటు మీటరు చూసే ఆయనేమో అనుకున్నాను.

చిన్నవ్వ కూడా పైకి వచ్చాక మిద్దె మీద పాట ఎత్తుకున్నారు. నేను నీళ్ల ట్యాంకు పక్కన నిలబడ్డాను, సిగ్నల్ అక్కడ నాలుగు గీతలు చూపిస్తోంది. పదీ ఇరవై తొమ్మిది. పదకొండు తలలు పైకి చూస్తున్నాయి, ఒక్క తల కిందికి చూస్తోంది. అవ్వ ఒక చేత్తో చెల్లెలి చెయ్యి పట్టుకుంది. పదీ ముప్పై. తెర మీద పచ్చ బొత్తాం వెలిగింది.

"వచ్చేసింది!" అని కేకపెట్టాను.

దబదబా అందరూ మోకాళ్ల మీద పడ్డారు. కాలుతున్న గచ్చు మీద ఒక్కరూ అబ్బా అనలేదు. నేను బొత్తాం నొక్కాను. చక్రం తిరిగింది. తిరిగి తిరిగి ఆగింది. తెర మీద నాలుగు మాటలు: తగినంత ఖాళీ స్థలం లేదు.

నా గుండె జారి చెప్పుల్లో పడింది. మూడేళ్లు! మా అవ్వకు లోపల జాగా చేసుకోమని బోధించినవాణ్ని, నా ఫోను ఒక్కసారి తెరిచి చూసుకోలేదు. దాని నిండా నేను పాడిన పాటల వీడియోలే.

"జాగా లేదంట!" అని ఏడ్చాను.

"ఎవురికిరా?" అన్నది అవ్వ.

"నాకే అవ్వా! జాగా లేదంట నాకు!"

"అయ్యో, మెసేజ్ వచ్చిన పిల్లోనికే జాగా లేదంటప్పా!" అని దానియేలు మామ గుండెలు బాదుకున్నాడు. "ఇంక మన గతేమి? ఒక్కసారి బతిమాలుకో అబ్బీ, ఏమన్నా దారుంటాదేమో!"

"ఉంది మామా. పాటలన్నీ తీసేస్తే వస్తాదంట."

"పాటలు తీసేస్తేనా?" మామ ఏడుపు ఆగింది. బొరుగుల అంగడాయన తూకం తెలిసినవాడు. లేచి వచ్చి నా చేతిలోని ఫోను చూశాడు. తెర మీద గుర్రమెక్కిన వీరుడు కత్తి దూసి నిలబడి ఉన్నాడు. "ఏందిరా ఇది?"

"అదే మామా. ఆట. శుక్రవారం వస్తాందని చెప్పినాను కదా..."

కింద వీధిలో ఎవరో మిరపకాయలు అమ్ముకుంటున్నారు, అది వినిపించింది. ఒక్కొక్కరే మోకాళ్లు దులుపుకుని లేచారు. ఎవరి ముఖం ఎవరూ చూసుకోలేదు.

నాకు అప్పటికి మొత్తం వెలిగింది. ఆట పోతే పోయింది. నేను చూసింది చిన్నవ్వను. ఆమె తన చెయ్యి అవ్వ చేతిలోంచి మెల్లగా లాగేసుకుంది.

"అంటే ఫోనులో ఆట వస్తాందనా అక్కా, నువ్వు నా గడప తొక్కింది?"

నేను కళ్లు మూసుకున్నాను. తొమ్మిదేళ్లకు ఇంకో తొమ్మిది కలుస్తాయనుకున్నాను.

అవ్వ తొందరపడలేదు. "వాడు చెప్తే వచ్చినా. వాడు చెప్పింది ఆట గురించే కానీలే. నా లోపల చెత్త ఉండిందనేది అబద్ధమా అమ్మీ? ప్రభువు ఈ పొద్దు రాలేదు. రేపొస్తే మళ్లీ బస్సెక్కి రావాల్నా నేను?"

చిన్నవ్వ పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది.

"అక్కా, ఆ అంచు వంకరే. నాకూ తెలుసు. ఆ దినం జ్వరంతో నేసినా."

"అప్పుడు నా కండ్లు బాగుండె, కనపడింది. ఇప్పుడు చూస్తే తిన్నగానే ఉంటాది" అన్నది అవ్వ.

అక్కాచెల్లెళ్లు ఇద్దరూ కిందికి దిగిపోయారు, అన్నాలు వడ్డించడానికి. దానియేలు మామ ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని నా కేసి చూశాడు.

"ఆ గొడుగన్నా తెచ్చినావా?"

అయ్యగారు శనివారం తిరిగి వచ్చి అంతా విన్నారు. ఆయన సంఘంలోకి రాకముందు తెలుగు పంతులు.

"ఏరా ప్రసాదూ, ప్రభువు ఎప్పుడొస్తాడో మనిషికి తెలీదని చిన్నప్పటి నుంచి నేర్పించినానే. నువ్వు నిమిషాలతో సహా చెప్తివి కదరా!"

"నేను చెప్పింది అది కాదయ్యా..."

"ఏది కాదో చెప్పకపోవడమే నీ తప్పు. వాక్యానికి కర్త, కర్మ, క్రియ ఉండాల. నీ దాంట్లో వస్తాంది అనే క్రియ ఒకటే ఉండాది. కర్తను నువ్వు సిగ్గుపడి దాచిపెడితివి. జనం ఏం చేస్తారు? తమకు తెలిసిన కర్తను పెట్టుకున్నారు."

"మరి కర్మ అయ్యా?"

"అది మిద్దె మీద నిలబడిన పదకొండు మందిది."

ఆనాడే సంఘం ఎదుట నిలబడి ప్రమాణం చేశాను: ఊపిరున్నంత వరకు కర్త లేని వాక్యం నా నోట రాదు, ఏ క్రియనూ అనాథగా వదలను. ఇంతవరకు తప్పలేదు. మొన్న ఆదివారం ప్రార్థన అంశాలు అడిగినప్పుడు లేచి, "ఫోనులో ఆడే ఆట, దాని రెండో భాగం, వచ్చే నెల విడుదలవుతాంది. ప్రభువు రాకడకూ దీనికీ ఏ సంబంధమూ లేదు. దయచేసి ఎవురూ మిద్దెలు ఎక్కొద్దండి" అని స్పష్టంగా మనవి చేసుకున్నాను.

అక్కాచెల్లెళ్లు ఇద్దరూ ఆ వారం మా ఇంటికి వచ్చి ఉన్నారు; స్త్రీల వైపు మొదటి చాప మీద చిన్నవ్వ పక్కన అవ్వ కూర్చుని ఉంది, వంకర అంచు పట్టుచీర కట్టుకుని. సభంతా వినేటట్టు అడిగింది:

"ఈసారన్నా లోపల జాగా చేసుకున్నావా అబ్బీ?"