దవాఖానల ఉన్నడు

రాజలింగం అన్న ఫోన్‌లో మాట్లాడేది తక్కువ, వినేది ఎక్కువ. దుబాయ్ అవతల, రాస్ అల్ ఖైమాలో రాళ్ల క్వారీ పక్కన మా క్యాంపు. వచ్చి ఆరేళ్లయినా ఆయన ఒక్కసారి కూడా ఊరికి పోలేదు. సెలవు అడిగినప్పుడల్లా మా మేనేజరు ముదీర్ ‘‘బాద్ మే’’, తర్వాత చూద్దాం అనేవాడు. సాయంత్రం డ్యూటీ దిగి, ఒంటి మీది తెల్లదుమ్ము కడుక్కుని, భార్య కిష్టవ్వకు ఫోన్ కలిపేవాడు. మాటలయిపోయాక, ‘‘పెట్టెయ్యకే. గట్లనే గూట్ల పెట్టి నీ పని చేసుకో’’ అనేవాడు. జగిత్యాల దగ్గరి ఆ ఇంట్లో గిన్నెలు తోమే చప్పుడు, కోళ్లను అదిలించే కేక వింటూ కళ్లు మూసుకునేవాడు. ‘‘గిన్నెల చప్పుడు ఇంటున్నవా అన్నా?’’ అని నేను ఎగతాళి చేస్తే, ‘‘నీకు పెండ్లయితే తెలుస్తది పోరా దేవేందర్’’ అనేవాడు.

కరోనా వచ్చిన ఏడు, ఎండాకాలంలో, అన్నకు ఊపిరాడక అంబులెన్స్‌లో తీసుకుపోయారు. ఆ గడబిడలో ఆయన ఫోన్ ఎక్కడో పోయింది. మమ్మల్ని ఆస్పత్రి గేటు కూడా దాటనివ్వలేదు. మా ఊరి వాట్సాప్ గ్రూపులో నేను ఉన్నది ఉన్నట్టు పెట్టాను: ‘‘రాజలింగం అన్నకు బాగలేదు, దవాఖానల ఉన్నడు.’’

అంతే, కొంప మునిగింది! ఎందుకంటే, ఇక్కడ మనవాడు ఎవడైనా చచ్చిపోతే ఇంటివాళ్లకు ఆ మాట మేం ఒక్కసారిగా చెప్పం. వాళ్ల గుండె ఆగుతుందని ముందు ‘‘దవాఖానల ఉన్నడు’’ అంటాం. మర్నాడు ‘‘సీరియస్’’ అంటాం. ఆ తర్వాతే నిజం. ఈ పద్ధతి ఊళ్లో అందరికీ తెలుసు. నా మెసేజ్ కింద ఎవడో ‘‘ఓం శాంతి’’ అన్నాడు. ఇంకొకడు అన్న ఫోటోకు పూలదండ తగిలించి ‘‘అశ్రునివాళి’’ అని రాశాడు. వాళ్ల నోట్లో మన్ను పడ! పొద్దుగూకేలోపు అది చుట్టుపక్కల ఊళ్ల గ్రూపులన్నీ తిరిగింది.

‘‘అరేయ్, బతికే ఉన్నడ్రా!’’ అని రాశాను. ‘‘నీ బాధ మాకు తెల్సు తమ్మీ, ఇగ దాచకు’’ అన్నారు. అన్న భార్యకే చెబుదామంటే ఆమె నంబరు నా దగ్గర లేదు, అన్న ఫోన్‌తోనే పోయింది. ‘‘ఎవలు చూసిండ్రు?’’ అని ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు అడగలేదు. కరోనా శవాలు ఎట్లాగూ ఊళ్లకు రావడం లేదు కదా అని, పీనుగ లేకుండానే దినాలు చేసేశారు. కిష్టవ్వ వదినె గాజులు తీసేశారు. ఆ మాట విన్న రోజు నాకు అన్నం సహించలేదు.

నెల దాటాక అన్న క్యాంపుకు వచ్చాడు. చిక్కి సగమయ్యాడు, గొంతు బొంగురుపోయింది. సంగతి నేనే చెప్పాను. నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు. ‘‘దాని గాజులు తీసిండ్రా?’’ అని మాత్రం అడిగి, నా ఫోన్ అందుకున్నాడు.

‘‘కిష్టవ్వా, నేనే.’’

వదినె టక్కున పెట్టేసింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు. దినాలయ్యాక ఎవడో దొంగ సచ్చినోడు, ఎంబసీ మనిషినని చెప్పి ఆమెను మోసం చేయబోయాడట. ‘‘దుబాయ్ ఫోన్లు ఎత్తకు వదినే’’ అని అన్న తమ్ముడు గంగాప్రసాద్ గట్టిగా చెప్పాడట. మొఖం చూపిద్దామంటే వదినెది బటన్ ఫోన్. గ్రూపులో అన్న కొత్త ఫోటో పెడితే, ‘‘మా అన్న గింత బక్కగ ఎప్పుడుండె?’’ అన్నాడు గంగాప్రసాద్. అబద్ధం నమ్మడానికి పాత ఫోటో సరిపోయింది, నిజానికి కొత్త ఫోటో కూడా చాలలేదు!

అన్న రోజూ నా ఫోన్ పట్టుకుని కూర్చునేవాడు. ‘‘దాని గొంతు ఒక్కసారి ఇంటే సాలురా. తిట్టినా మంచిదే’’ అనేవాడు.

ఒక శుక్రవారం వదినె ఎట్లాగో ఎత్తింది. స్పీకర్ పెట్టి నేను బతిమాలాను: ‘‘వదినే, పెట్టెయ్యకు. గ్రూపు మాట ఇనకు, నా మాట గూడ ఇనకు. మీ ఇద్దరికి తప్ప ఎవలికి తెల్వనిది ఒకటి అడుగు.’’

వదినె అడిగింది. ‘‘దుబాయ్ పోయేనాడు, బస్సెక్కంగ నా చెవుల ఏమన్నవ్?’’

అన్న నుదురు రుద్దుకున్నాడు. పెదాలు కదిపాడు. ఏదో ఒకటి చెప్పమని నేను చేతులతో సైగ చేస్తున్నాను. ‘‘యాదికొస్తలేదే, కిష్టవ్వా’’ అన్నాడు ఏడుస్తూ.

ఇక పెట్టేస్తుంది అనుకున్నాను. పెట్టలేదు. అటునుంచీ ఏడుపే.

‘‘దొంగోడైతే తియ్యగ ఏదన్న అల్లి చెప్తుండె. గీ మతిమరుపు నీకే ఉంటది. నువ్వే. నువ్వేనయ్యా!’’

ఇద్దరూ ఏడ్చారు. నేనూ ఏడ్చాను, దాచేదేముంది. కాసేపటికి అన్న అడిగాడు: ‘‘ఏమన్ననే అప్పుడు?’’

‘‘వచ్చే బతుకమ్మకు తంగేడు పూలు నేనే తెంపుకొస్త అన్నవ్. గప్పటి సంది నేనే తెంపుకుంటున్న.’’

‘‘ఈ యేడు వస్త’’ అన్నాడు అన్న. విమానాలు మళ్లీ సరిగ్గా ఎప్పుడు తిరుగుతాయో ఎవరికీ తెలియని రోజులవి.

‘‘వస్తననకు’’ అంది వదినె. ‘‘వచ్చినంక చెప్పు.’’