సగం పనుల వారసుడు

మా బసవేశ్వరరావు కష్టపడి సాధించిన మొట్టమొదటి విజయం, చనిపోయిన స్నేహితుడి తరఫున పక్కింటావిడతో పోట్లాడి గెలవడం. లోకంలో అందరూ పోయినవాళ్ళ ఆస్తికి వారసులవుతారు. వీడు మాత్రం పోయినవాళ్ళు సగంలో వదిలేసిన పనులకు వారసుడవుతాడు. బాపట్ల వ్యవసాయ కళాశాలలో మాతో చదివినవాళ్ళలో ఎవరు కన్నుమూసినా, కర్మకాండ అంతా ముగిసి చుట్టాలు వెళ్ళిపోయాక, వీడు సంచీ భుజాన వేసుకుని ఆ ఇంటి ముందు దిగుతాడు. ఓదార్చడు. వేదాంతం చెప్పడు. మంచినీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి, ఒకే ఒక ప్రశ్న అడుగుతాడు.

"మావాడు సగంలో వదిలేసిన పనేంటండీ?"

ఏదో ఒకటి ఉంటుంది. ఎవరికైనా ఉంటుంది. ఆ పనిని వీడు తన చేతిలోకి తీసుకుంటాడు. ఇక అది తెమలదు.

ఇది చేతకానితనం అనుకోవడానికి వీల్లేదు. వీడు జంపని ఊరి రైతుబిడ్డ. మట్టి పరీక్షల కేంద్రంలో ఉద్యోగం చేసినంతకాలం వీడి బల్ల మీద ఒక్క కాగితం నిద్రపోలేదు. రైతు మట్టి తెచ్చి ఇచ్చి, ఊళ్ళో టీ తాగి వచ్చేలోగా ఫలితం చేతిలో పెట్టేవాడని పేరు. అటువంటి మనిషి రిటైరై తెనాలిలో స్థిరపడ్డాక, పోయినవాడి ఇంటి గేటుకు రంగు వెయ్యడానికి పూనుకుంటే, ఎడమ రెక్క పూర్తయి కుడి రెక్క మొదలుపెట్టేసరికి ఎడమ రెక్క రంగు వెలిసిపోయింది. మళ్ళీ ఎడమ రెక్క దగ్గరికి వచ్చాడు.

మా బ్యాచ్ సామాన్యమైంది కాదు. చెరుకుపల్లి పక్కన పల్లెటూరి బడిలో చాప మీద కూర్చుని ఓనమాలు దిద్దిన నాబోటివాళ్ళం విశ్వవిద్యాలయం పట్టాలు పుచ్చుకున్నాం. మాలో జాయింట్ డైరెక్టర్లయినవాళ్ళున్నారు, సొంతంగా విత్తనాల కంపెనీ పెట్టినవాళ్ళున్నారు, మినుములో కొత్త వంగడం తీసినవాళ్ళున్నారు. పూర్వవిద్యార్థుల సంఘం కార్యదర్శిగా, ఏటా నవంబరులో బాపట్లలో జరిపే సంస్మరణ సభలో, ఆ ఏడు పోయినవాళ్ళ ఘనతలు చదివి వినిపించే బాధ్యత నాది. ఏ పదవి, ఏ సన్మానం, ఏ బంగారు పతకం, ఒక్కటి వదలను. నేను చదువుతున్నంతసేపూ బసవేశ్వరరావు ముందువరసలో కూర్చుని ఆవులిస్తాడు. అదేంట్రా అంటే, "అవన్నీ వాడు పూర్తిచేసినవేగా. వాటితో మనకు పనేముంది?" అంటాడు.

మొదటి విజయం సంగతి చెప్పాలి. తెనాలిలో మా మధుసూదన్ డిప్యూటీ డైరెక్టర్‌గా రిటైరయ్యాక చేసిన ముఖ్యమైన పని, పక్కింటి మునగచెట్టు మీద యుద్ధం. ఆ చెట్టు కొమ్మ ఒకటి గోడ దాటి వీళ్ళ పెరట్లోకి వాలింది. దానికి గొంగళిపురుగులు. చెట్టు గలావిడ శోభారాణి గారు హెడ్‌మిస్ట్రెస్‌గా చేసిన మనిషి, ఒక పట్టాన తగ్గే రకం కాదు. రోజూ ఉదయం కాఫీ అయ్యాక గోడకు అటు ఆవిడ, ఇటు మధుసూదన్. అలా జరుగుతుండగా మధుసూదన్ పోయాడు. ఆయన సగంలో వదిలేసింది ఆ గొడవొక్కటేనండీ అని అతని భార్య సరోజిని కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

మర్నాడు ఉదయం బసవేశ్వరరావు గోడ దగ్గర నిలబడ్డాడు.

"నమస్కారమండీ శోభారాణి గారూ. మావాడు ఎక్కడిదాకా వచ్చాడు?"

"ఎక్కడిదాకా అంటే ఏంటండీ?"

"గొడవలోనండి."

ఆవిడ కాసేపు ఆలోచించింది. "గొంగళిపురుగు బనీనులో పడిందన్నదాకా వచ్చారండి."

"అయితే అక్కణ్ణుంచి అందుకుంటాను."

అందుకున్నాడు. కాలేజీలో చదివిన కీటకశాస్త్రమంతా గోడ మీద పరిచాడు. ఆవిడ ముప్ఫయ్యేళ్ళు పిల్లల్ని అదుపులో పెట్టిన గొంతుతో జవాబు చెప్పింది. మొదట్లో తలుపు వేసుకుని పడుకున్న సరోజిని, నాలుగో రోజుకు కిటికీ తెరిచింది. వారం తిరిగేసరికి స్టూలు వేసుకుని పెరట్లో కూర్చుని, ఆ మాట ఆయన ఇంకా గట్టిగా అనేవారండీ అని దిద్దడం మొదలుపెట్టింది. కాఫీ గోడకు రెండు వైపులా అందేది. చివరికి ఒకనాడు శోభారాణి గారు విసిగిపోయి మనిషిని పిలిపించి కొమ్మ కొట్టించేసింది.

నేను అభినందించడానికి వెళ్తే, వీడు పరీక్ష తప్పినవాడిలా కూర్చున్నాడు.

"ఏంట్రా, గెలిచావుగా?"

"తొందరపడ్డానురా" అన్నాడు.

ఆ తర్వాత వీడు చేపట్టిన ఏ పనీ ఒడ్డు చేరలేదు.

బాపట్ల శివపార్వతి స్వెటర్ చూడండి. మా రోజుల్లో కాలేజీలో ఆడపిల్లలే తక్కువ. వాళ్ళలో బంగారు పతకం తెచ్చుకున్న అమ్మాయి శివపార్వతి. బాపట్లలో స్వెటరేమిటని మీకు అనిపించవచ్చు. భార్యాభర్తలు కేదారనాథ్ వెళ్దామనుకున్నారు. భర్త సంజీవరావు గారికని వీపు భాగం అల్లి, చేతులు మొదలుపెట్టకుండానే ఆవిడ పోయింది. బసవేశ్వరరావు ఫోన్‌లో వీడియోలు చూసి అల్లిక నేర్చుకున్నాడు. మే నెలలో, తెనాలి నుంచి బాపట్ల వెళ్ళే బస్సులో, చెమటలు కారుస్తూ ఉన్ని అల్లే పెద్దమనిషిని చూసి కండక్టర్ రెండుసార్లు మంచినీళ్ళిచ్చాడు.

ఇన్నాళ్ళకు ఒక చెయ్యి పూర్తయింది. అది గున్నేనుగు తొండానికి సరిపోతుంది. అందుకని విప్పి మళ్ళీ అల్లుతున్నాడు. ప్రతి మంగళవారం కొలత తీసుకోవాలి. ఆ కొలత భోజనం తర్వాతే తియ్యాలట, ఖాళీ కడుపుతో తీస్తే తప్పొస్తుందట. దాంతో, భార్య పోయాక హోటల్ ఇడ్లీలతో సరిపెట్టుకుంటున్న సంజీవరావు గారు మంగళవారం పొద్దున్నే పొయ్యి వెలిగించి, పప్పూ కూరా వండాల్సి వస్తోంది. ఆయన నా దగ్గర మొత్తుకున్నాడు.

"ప్రతివారం కొలతేంటండీ? ఈ వయసులో నా చెయ్యి పెరుగుతుందా?"

నేను ఆ మాట వీడి చెవిన వేశాను. "పెరగదు. తరుగుతుందేమోనని" అన్నాడు.

ఇదంతా నవ్వుకోవడానికి బాగానే ఉండేది. రేపల్లె సైదావలి పోయినప్పుడు మాత్రం నాకు నవ్వు రాలేదు.

సైదావలి అంటే మా బ్యాచ్‌కే వన్నె. ఉప్పు తేలిన నేలల్లో వరి పండించి చూపించిన ఘనుడు. రైతులు ట్రాక్టరెక్కించి ఊరేగించారు. రిటైరయ్యాక పాత వాల్వు రేడియో ఒకటి సంపాదించి, బాగుచేస్తానని మొత్తం విప్పి, మరలు సాసర్లలో పోసి బల్ల మీద పరిచాడు. విప్పడం పూర్తయింది. బిగించడం మిగిలింది. పోయిన డిసెంబరులో గుండె ఆగిపోయింది.

భార్య సాబిరా ఆ రోజునుంచి మాట మానేసింది. కూతురు షబీనా, అల్లుడు అదే ఇంట్లో ఉంటారు, ఇద్దరూ ఉద్యోగస్థులు. షబీనా నాకు ఫోన్ చేసి గోలపెట్టింది.

"అమ్మ అవును, కాదు తప్ప ఏం అనట్లేదు బాబాయ్. ఆ బల్ల ముందే కూర్చుంటుంది. నాన్న రేడియో పలికితే అమ్మ కూడా పలుకుతుందేమో."

నాకూ అదే ఆశ. ఆ రేడియో పలకాలి, ఆ తల్లి నోరు విప్పాలి. అంత ముఖ్యమైన పని పోయి పోయి ఎవరి చేతిలో పడింది? నలభయ్యో రోజు కార్యక్రమం అయ్యాక బసవేశ్వరరావు వెళ్ళి, మంచినీళ్ళు తాగి, తన ప్రశ్న అడిగాడు. సాబిరా మాట్లాడకుండా బల్ల వైపు వేలు చూపించింది.

అప్పట్నుంచి గురువారం గురువారం తెనాలిలో ఉదయం పాసింజర్ ఎక్కి రేపల్లె వెళ్ళడం, సాయంత్రం తిరిగిరావడం. నేను స్టేషన్‌లోనే పట్టుకుని అడిగేవాణ్ణి. ఒకసారి సామాను దొరకలేదన్నాడు. ఒకసారి కరెంటు హెచ్చుతగ్గులన్నాడు. ఒకసారి సముద్రం దగ్గర కదా, గాలిలో తేమన్నాడు. ఈ మధ్య కన్ను ఆనడం లేదన్నాడు.

ఈ ఏడు సభలో చదవాల్సిన ఘనతల్లో సైదావలివి ఉన్నాయి. రేడియోను వేదిక మీద పెట్టి, రెండు నిమిషాలు పలికించి, సాబిరాను ముందువరసలో కూర్చోబెట్టాలని నేను తీర్మానించాను. వీడికి చెప్తే చూద్దాంలేరా అన్నాడు. ఇంతలో వీడి కూతురు బిందు వచ్చి, కంటికి శుక్లం ముదిరిందని విశాఖపట్నం తీసుకుపోయింది. ఇదే అదను అనుకున్నాను. తెనాలిలో టీవీలు బాగుచేసే ఫరూక్‌ను వెంటబెట్టుకుని పోయిన గురువారం రేపల్లె వెళ్ళాను.

తలుపు కొట్టగానే తెరుచుకుంది. సాబిరా మా ఇద్దరినీ చూసి, మా వెనక వీధిలోకి చూసింది. బసవేశ్వరరావు రాలేదమ్మా, విశాఖలో ఉన్నాడన్నాను. తెలుసన్నయ్యా అంది. బల్ల మీద రేడియో బిగించే ఉంది, దుమ్ము కూడా లేదు.

ఫరూక్ వెనక అట్ట విప్పి లైటు వేసి చూశాడు.

"సార్, ఇది బాగానే ఉందండి."

"బాగుంటే పలకదేంటయ్యా?"

"ఒక వైరు లేదండి. తెగిపోలేదు. ఎవరో విడదీసి పట్టుకెళ్ళారు."

నాకు ఒళ్ళు మండింది. పని చేతకాకపోతే పోయె, ఉన్న వైరు కూడా పోగొట్టాడన్నమాట. ఫరూక్ తన సంచీలోంచి వైరు తీసి అతికించి, ప్లగ్గు పెట్టాడు. అద్దం వెనక పసుపు వెలుగు వచ్చింది. వాల్వులు వేడెక్కేదాకా ఆగాం. సన్నగా హోరు, తర్వాత స్పష్టంగా ఒక గొంతు. వరిలో సుడిదోమ ఎక్కువగా ఉన్నచోట రైతు సోదరులు పొలంలో నీరు తీసి ఆరబెట్టాలని చెబుతోంది.

నేను సాబిరా మొహంలోకి చూశాను. ఏడాదిగా అందరం ఎదురుచూసిన క్షణం.

"ఆయన సర్వీసంతా ఇదే చెప్పారు. ఈ దోమ మాత్రం పోలేదు" అని, మా ముందు టీ కప్పులు పెట్టింది.

నేను కప్పు అందుకోవడం కూడా మర్చిపోయాను. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఇది పలకడం నాకు కొత్త కాదన్నయ్యా. రంజాన్ వెళ్ళిన వారం అనుకుంటాను, మేడ మీద బట్టలు తీస్తుంటే కింద పాట వినిపించింది. మెట్ల మీద నిలబడి చూశాను. బసవేశ్వరరావు అన్నయ్య స్క్రూడ్రైవర్‌తో తాళం వేసుకుంటూ కూర్చున్నారు. పాటంతా అయ్యింది. అటూ ఇటూ చూసి, రేడియో కట్టేసి, వైరు పీకి చొక్కా జేబులో పెట్టుకున్నారు. నేను కిందికి దిగేసరికి డాక్టర్లు ఊపినట్టు తల ఊపి, ఇంకా చాలా టైం పడుతుందమ్మా అన్నారు."

"మరి నువ్వేమన్నావమ్మా?"

"ఇంత చేతకాని మనిషిని నా జన్మలో చూడలేదన్నాను. మా ఆయన పోయాక అంత పొడుగు మాట నేను మాట్లాడటం అదే మొదలు. అన్నయ్య ఎంత సంతోషపడ్డారో చెప్పలేను. అప్పట్నుంచి గురువారం గురువారం తిడుతున్నాను. వారమంతా కొత్త తిట్టు వెతుక్కుంటాను. అది దొరికేదాకా షబీనాతో కూడా మాట్లాడబుద్ధి కాదు, ఎక్కడ మర్చిపోతానోనని. పనైపోతే నేను ఎవర్ని తిట్టాలన్నయ్యా?"

రేడియో దోమ గురించి చెబుతూనే ఉంది. సాబిరా లేచి స్విచ్ కట్టేసి, ఫరూక్ వైపు తిరిగింది.

"బాబూ, ఆ వైరు తీసెయ్యి."

"మా నాన్న నాకు బాగుచెయ్యడమే నేర్పాడమ్మా" అన్నాడు ఫరూక్ ఇబ్బందిగా.

"నేర్చుకో. అన్నయ్యకు ఇప్పుడు కన్ను బాగవుతుంది, ఆనడం లేదంటే ఇక కుదరదు. ఆ వైరొక్కటీ చాలదు. ఇంకేదైనా కూడా వదులుచెయ్యి."

ఫరూక్ నా వైపు చూశాడు. సంఘం కార్యదర్శి హోదాలో నేను తల ఊపాను. వైరు తీశాడు. లోపల ఎక్కడో ఒక మర వదులు చేసి, ఇది కనిపెట్టడానికి నెల పడుతుందండి అన్నాడు, అప్పుడే గర్వం వచ్చేసింది. నెల ఏ మూలకి అంది సాబిరా. ఇంకొకటి వదులు చేశాడు.

ఎంతోమందికి పనులు త్వరగా చెయ్యడం వచ్చు. పట్టాలూ పతకాలూ పుచ్చుకున్న మా బ్యాచ్ మొత్తంలో, కావాలని ఇంత నెమ్మదిగా చెయ్యగల ప్రతిభ బసవేశ్వరరావుకు తప్ప ఇంకెవరికీ లేదని నేను సగర్వంగా చెబుతున్నాను. సైదావలి ఘనతల చివర ఒక వాక్యం కలిపాను: ఆయన రేడియో మరమ్మతు సమర్థుడి చేతిలో ఉంది, ఇప్పట్లో తెమలదు.

నిన్న బిందు ఫోన్ చేసింది. ఆపరేషన్ చక్కగా జరిగిందట, నాన్నకు అన్నీ స్పష్టంగా కనిపిస్తున్నాయట. ఆ కబురు సాబిరాకు చేరవేశాను. కొత్త తిట్టు తయారుగా ఉందంది. ఏంటమ్మా అది అంటే నాకు చెప్పలేదు. బసవేశ్వరరావు ఉదయం పాసింజర్‌కు రేపల్లెలో దిగేది నవంబరు ఇరవై, గురువారం.