ఫేజ్ సరిచేశాను, సౌండ్ కూడా పెరిగింది

2022లో చేసిన ఒక పరీక్ష గురించి రాజమండ్రిలో నాలా సౌండు పని చేసేవాళ్లందరికీ గొప్పగా చెప్పుకున్నాను. అందులో ఒక్క సంగతి దాచాను.

స్పీకర్లు తయారుచేసి, గదికి తగ్గట్టు సరిచేసి ఇవ్వడం నా పని. ద్రాక్షారామంలో మృదంగం నేర్పే సుబ్బారాయుడు గారు పాఠాల గదికి నా దగ్గర స్పీకర్లు చేయించుకున్నారు. ఒక్కో బాక్సులో బరువైన ధ్వనికి పెద్ద స్పీకరు, సన్నని ధ్వనికి చిన్నది ఉంటాయి. ఒకే దెబ్బ ఆ రెండింటి నుంచీ రవ్వంత తేడాతో చెవికి చేరుతుంది. ఆ తేడాను కంప్యూటరుతో సవరించడమే ఫేజ్ కరెక్షన్. అది వినేవాళ్లకి తెలుస్తుందా అన్నది మాలో తెగని వాదన.

ఏది సవరించిందో చెప్పకుండా ఆయనకి పదిసార్లు మార్చి మార్చి వినిపించాను. తొమ్మిదిసార్లు పట్టుకున్నారాయన. సంతోషంతో నాకు కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. ఇరవై ఏళ్లుగా ఆయనతో కచేరీలు చేస్తున్న వయొలిన్ శర్మ గారు పక్కనే ఉండి ఇదంతా చూసి నవ్వారు.

"ఏంటండీ, లాప్‌టాప్ చూడగానే కొత్త చెవులు మొలిచాయా?"

మాటా మాటా పెరిగింది. తన చెవిని వెక్కిరించిన మనిషి పక్కన ఇక వాయించనన్నారు సుబ్బారాయుడు గారు.

ఆ సాయంత్రమే కొలతలు చూసుకున్నాను. కరెక్షన్ ఆన్ చేసినప్పుడల్లా సౌండు కూడా కాస్త పెరుగుతోంది. ఆయన పట్టుకున్నది ఆ పెరుగుదలనే కావచ్చు. రెండింటి సౌండూ సమానం చేశాకే వినిపించాలన్నది మా పనిలో ఓనమాలు. చెబితే పరువు పోతుందని ఊరుకున్నాను.

ఈమధ్య పాలకొల్లులో శర్మ గారి కచేరీకి మైకులు పెట్టాను. పక్కన మృదంగానికి కొత్త మనిషి. అతను తని, అంటే మృదంగం ఒక్కటే మోగే వంతు, వాయిస్తున్నంతసేపూ శర్మ గారు తల ఎత్తలేదు. ఇక నావల్ల కాలేదు. పాత పరీక్షలో పొరపాటుంది, మళ్లీ చేయాలని చెప్పి ఇద్దరినీ ద్రాక్షారామంలో కూర్చోబెట్టాను.

ఈసారి సౌండు సమానం. సినిమా పాటలకి ఇద్దరూ తడబడ్డారు, సగం తప్పులే. తర్వాత ఒంటరి మృదంగం దెబ్బలు వేశాను. సుబ్బారాయుడు గారు పదికి ఎనిమిది పట్టుకున్నారు. శర్మ గారు ఆయన్ని జరగమని, ఆ కుర్చీలోనే కూర్చుని, తనూ ఎనిమిది పట్టుకున్నారు! తేడా ఉంది. కాకపోతే ఏం వింటున్నామన్నదాన్ని బట్టి ఉంది. సమానం చేయకుండా పెట్టిన పరీక్షలో గెలుపు గెలుపు కాదని అప్పుడు నాకు బాగా బుర్రకెక్కింది.

"పొరపాటని ఇప్పుడు తెలిసిందా నీకు?" అన్నారు శర్మ గారు.

"లేదండి. మీరిద్దరూ గొడవపడిన రోజు సాయంత్రమే తెలుసు. తెలిసీ చెప్పలేదు. ఇద్దరూ నన్ను క్షమించాలి."