అమ్మ దినాలయ్యాక వచ్చిన తమ్ముడు

2006 వేసవిలో గద్వాలలో మా అమ్మ చనిపోయింది. ఒక్కగానొక్క తమ్ముడు నేవీలో, క్షిపణులు పేల్చే డిస్ట్రాయర్ మీద పనిచేసేవాడు. విశాఖకు ఫోన్ చేస్తే ఓడ సముద్రంలో ఉంది, కబురు అందిస్తామన్నారు. ఎక్కడుందో మాత్రం చెప్పలేదు. తలకొరివి చిన్నాయన పెట్టాడు. దినాలూ అయిపోయాయి.

పదిహేనో రోజు తమ్ముడు బస్సు దిగాడు. ఇంటిదాకా ఆగలేక బస్టాండులోనే అందుకున్నాను.

"నీ ఓడ మిసైలు గడియల ఏడికో పోతదంటివి, నువ్వు గద్వాలకు పదిహేను రోజులకు వస్తివా? గుండు లేదని కప్పిపెట్టనీకి టోపీ పెట్టుకోనొచ్చినవా?"

"బజార్ల ఏంది బిడ్డా గిది!" అని నా వెంట వచ్చిన చిన్నాయన చెయ్యి పట్టుకున్నా నేను ఆగలేదు. చుట్టూ జనం మూగారు.

తమ్ముడు టోపీ తీశాడు. గుండు మీద వెంట్రుకలు అప్పుడప్పుడే మొలుస్తున్నాయి.

"ఐదో రోజు తెల్సిందక్కా. నా ఒక్కని కోసం ఓడ మళ్లదు గదా! పదో రోజు డెక్కు మీదనే గుండు చేయించుకున్న. అమ్మకు ముద్ద పెడ్దామంటే నడిసముద్రంల కాకులు ఏడుంటయి? నీళ్లల్లనే ఇడిసిన."

అంటూనే ఏడ్చేశాడు. నాతో కలిసి ఏడవడానికి అంత దూరం నుంచి వచ్చినవాణ్ణి, ముందు నేనే నలుగురిలో ఏడిపించాను.