గుట్టకింది వాళ్ళ బాణీ

షెట్‌లాండ్‌లోని యెల్ దీవిలో రాస్మీ ఇంక్‌స్టర్ అని ఒకడుండేవాడు. వేసవిలో హెర్రింగ్ చేపల వేట, మిగతా రోజుల్లో కాసిని గొర్రెలు, ఓ ముక్క బంగాళదుంప చేను. పెళ్ళిళ్ళలో ఫిడేలు వాయించేవాడు. చెయ్యి మంచిదే. కాకపోతే వాయించేది మన రాస్మీయే కదా అని ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఆ దీవిలో చెట్లన్నవి లేవు గానీ, పెరటి చెట్టు మందుకు పనికిరాదన్న మాట అక్కడా చెల్లుతుంది.

ఒక చలికాలం పడవలు కదలనివ్వని గాలి పట్టుకుంది. రాస్మీ ఇంట్లో కూర్చుని సొంతంగా ఒక బాణీ కట్టాడు. "ఆ రెండో మెలిక పిల్లి తోక తొక్కినట్టుంది, మార్చవయ్యా," అంది భార్య ఓస్లా. గొణుక్కుంటూనే మార్చాడు. బాణీ బాగుపడింది.

తర్వాత వచ్చిన పెళ్ళిలో దాన్ని వాయించాడు. పొరుగింటి హోసియా కూడా ఫిడేలు పట్టేవాడే. అతను పెదవి విరిచి, "ఇదెవరిదోయ్?" అన్నాడు.

"నాదే. నేనే కట్టా."

"తెలుస్తూనే ఉందిలే. ఎక్కడో విన్నట్టుంది, ఎక్కడికీ పోనట్టుంది."

జనం నవ్వి ఎండు మాంసం పళ్ళెం వైపు తిరిగారు.

రాస్మీకి ఒళ్ళు మండింది. వసంతంలో ఇంకో పెళ్ళికి వెళ్ళి అదే బాణీ ఎత్తుకున్నాడు. పోయినసారి విన్నామన్న సంగతి ఒక్కరికీ గుర్తులేదు. ఎక్కడిదని అడిగారు. "పొయ్యిలోకి పీటు మట్టిగడ్డలు తవ్వుతూ గుట్ట పక్కన ఓ కునుకు తీశా. లోపల్నుంచి వినబడింది," అన్నాడు మొహం మామూలుగా పెట్టి.

ఈసారి మాంసం పళ్ళెం వైపు ఒక్కరూ తిరగలేదు. గుట్టల కింద చిన్న మనుషులుంటారనీ, వాళ్ళంతటి ఫిడేలుగాళ్ళు భూమ్మీద లేరనీ ఆ దీవిలో అందరికీ తెలుసు. ఆదివారం చర్చిలో ఎవరూ నమ్మరు. సోమవారం నుంచి శనివారం దాకా నమ్మకుండా ఉండే ధైర్యం ఎవరికీ లేదు. హోసియా కళ్ళు తుడుచుకున్నాడు. "మనిషన్నవాడు కట్టే బాణీనా అది? ఆ రెండో మెలిక విన్నారా, ఒళ్ళు జలదరించింది," అన్నాడు.

ఇంటికొచ్చాక ఓస్లా నిలదీసింది. "రెండో మెలిక మార్పించింది నేను. ఇప్పుడు నేను కూడా గుట్టకింది దాన్నేనా?"

రాస్మీ ఫిడేలు గోడకి తగిలించి పడుకున్నాడు. ఆ రోజు నుంచి ప్రతి పెళ్ళిలోనూ పొయ్యి పక్క గౌరవపు కుర్చీ అతనిదే. ఆ గుట్ట మీదికి గొర్రెల్ని తోలడం మానేశారు. పాస్టరు గారు సైతాను బాణీ అని ప్రసంగం చేస్తే, అప్పటిదాకా విననివాళ్ళు కూడా వెతుక్కుంటూ వచ్చి విన్నారు. తన ముత్తాత కూడా ఆ గుట్ట దగ్గరే ఇదే బాణీ విన్నాడని హోసియాకి కొంచెం ఆలస్యంగా జ్ఞాపకం వచ్చింది.

కొన్నేళ్ళకి ఎడిన్‌బరో నుంచి పాత బాణీలు పోగుచేసే దొరగారొకాయన దిగాడు. విని తన్మయుడైపోయాడు. పెద్దమనిషి మెచ్చుకునేసరికి రాస్మీకి ఆశ పుట్టింది. "నిజం చెప్పాలంటే దొరగారూ, అది నేను కట్టిందేనండి," అన్నాడు.

దొరగారు జాలిగా నవ్వాడు. "పొరపడుతున్నారు. ఇది కనీసం మూడొందల ఏళ్ళ నాటిది. ఒక్కడు కట్టేది కాదు, జాతి కట్టుకునేది."

"మా ముత్తాత విన్నాడండి," అన్నాడు హోసియా. ఆ తర్వాత రాస్మీని పక్కకి లాగి, "గుట్టకింది వాళ్ళ సొత్తు నాదంటావా? నీ గొర్రెలు చస్తే మమ్మల్ననకు," అని కసిరాడు.

ఆ మాట దీవంతా పాకింది. రాస్మీ దొంగతనం చేయబోయాడని చెప్పుకున్నారు. పొయ్యి పక్క కుర్చీ హోసియాకి మారింది. చివరికి రాస్మీ కూతురి పెళ్ళిలోనే, అతను బాణీ ఎత్తుకోగానే హోసియా చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగాగు. రెండో మెలిక తప్పు వాయిస్తున్నావు. వాళ్ళు అలా వాయించరు." జనం తలలూపారు. కూతురి పెళ్ళిలో తగువెందుకని రాస్మీ కూడా హోసియా లాగే వాయించాడు. అందరూ ఆడారు.

తర్వాత అతను ఇంకో బాణీ కట్టాడు. నాదేనని ముందే చెప్పేశాడు కాబట్టి పెళ్ళిళ్ళలో దాన్ని వాయించమని ఎవరూ అడగలేదు. ఓస్లా మాత్రం వీపున పీటు గంప మోసుకుని, నడుస్తూనే ఊలు అల్లుకుంటూ దాన్ని కూనిరాగం తీసేది. అతను కట్టినదానికన్నా బాగా నెమ్మదిగా, చివర్లో ఏదో సొంతది కలుపుకుని. "అలా కాదే," అనబోయి రాస్మీ ఊరుకున్నాడు. గంపలోంచి ఓ పీటు గడ్డ జారి పడితే తీసుకుని, ఆమె వెనకే నడిచాడు.