ఇంట్లో ఈనిన బర్రె

మా చిన్నప్పుడు... ముసురు పట్టిందంటే మా అమ్మ ఆకాశం వైపు చూసేది కాదు, పశువుల కొట్టం వైపు చూసేది. పటాన్‌చెరు పక్క పల్లె మాది. కొట్టం నేల మట్టిదే. పేడ, మూత్రం, వాన నీళ్ళు కలిసి ఒకటే రొచ్చు... తట్టలకెత్తి ఎంత పారబోసినా మళ్ళీ అంతే. అమ్మకు నడుము, నాకు మెడ పడిపోయేవి.

ఆ ఏడు మా బర్రె నేడో రేపో ఈనేటట్టుంది. బురదలో ఈనితే దూడ ముక్కుల్లోకి రొచ్చు పోతుందని, బర్రెకు పొదుగు వాస్తుందని అమ్మకు ఒకటే రంది. కింద మొరం మట్టి, దానిమీద తంగేడు కొమ్మలు, పైన పొయ్యిలోని బూడిద... ఇదీ మా పద్ధతి. కానీ కట్టెలు తడిసి పొయ్యే మండకపోతే ఇక బూడిద ఎక్కడిది?

నాయిన బండి కట్టుకుని పోయి, ఫ్యాక్టరీ బాయిలర్ బూడిద బండెడు తెచ్చాడు.

"ఎందుకే పరేషాన్ అయితవ్? ఏ బూడిదైతే ఏంది!" అంటూ కొట్టమంతా పరిచాడు. నిజంగానే బురద చిటికెలో గట్టిపడింది.

పొద్దెక్కేసరికి బర్రె ఒక కాలు దించి ఇంకో కాలు ఎత్తడం మొదలుపెట్టింది. అమ్మ వంగి చూస్తే గిట్టల నడుమ తోలు ఎర్రగా పొక్కి ఉంది.

"దాని కాళ్ళు కాలుతున్నయ్! జల్దీ ఇప్పు!"

తడి తగిలితే ఆ బూడిద సున్నంలా కాలుస్తుందని మాకేం తెలుసు! బర్రెను బయటికి తోలి బిందెలకొద్దీ నీళ్ళు పోశాం. పసుపు, వేపాకు నూరి రాశాం. ఆ బూడిదనంతా మళ్ళీ పారతో గీకి ఎత్తిపోశాం... చేతులు లేవలేదు. కొట్టం మళ్ళీ బురదే. ఇప్పుడు బర్రెను కట్టేది ఎక్కడ?

అప్పుడు మా అవ్వ, నాయిన తల్లి, గొంగడి చుట్టుకుని లేచింది.

"నా మంచం తియ్యుండ్రి. ఈడ కట్టెయ్యుండ్రి."

"ఇంట్లనా అత్తా? పేడ ఎవరెత్తాలె?" అంది అమ్మ.

"నువ్వే ఎత్తుతవ్. ఆడ ఎత్తుతలేవా? ఈడైతే తడువకుంట ఎత్తుతవ్."

అంత అలసటలోనూ అమ్మకు నవ్వొచ్చింది.

ఇంట్లో బండల నేల మీద బర్రె కాలు జారుతుందని గోనెసంచులు పరిచాం. సాయంత్రానికి పొయ్యి పక్కనే ఈనింది... ఆడదూడ. అవ్వ తన పాత చీరతో దాని ముక్కులు తుడిచింది. మేమంతా వసారాలో జల్లు కొడుతుంటే ముడుచుకుని కూర్చున్నాం. పుండ్లు మానేదాకా ఇల్లు బర్రెదే, వసారా మాది.

ఇప్పుడు ఆ కొట్టం జాగలో కంపెనీ పనివాళ్ళకు కిరాయి గదులు వేశాం. అంతా సిమెంటు నేల. చీపురుతో తోస్తే నీళ్ళు పోతాయి... అయినా ముసురు పడితే నాకు కుదురుండదు. గది గదికీ పోయి "లోపల తడిగున్నదా బిడ్డా?" అని అడుగుతాను. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన పిల్లలు, నా మాట అర్థంకాక నవ్వి తలుపు వేసుకుంటారు.

మీలో ఎవరింట్లోనైనా బర్రె ఈనిందా? ఈని ఉంటే రాయండమ్మా... నేను చెబితే మా మనవరాలు నమ్మడం లేదు.